ఖాళీ సీసా సువాసన

మెట్ల పక్కన గోడకి కొట్టిన బోర్డు చదవగానే వెంకటరమణమ్మకి ఒళ్లు మండిపోయింది. "దిగులా? డిప్రెషనా? ఒక్క చుక్క చాలు!" అని ఆకుపచ్చ అక్షరాలు. దాని కింద కళ్లు అరమూసుకుని, ఛాతీ మీద చేతులు జోడించి నవ్వుతున్న ఓ కుర్రాడి ఫోటో. అరోమా ఆచార్య ఆదిత్య అట. కింద వాటాలో ఎరువుల కొట్టు, పై వాటాలో పరిమళ వైద్యం. కింది కొట్టువాడు కనీసం బస్తా మీద రాసిన సరుకే బస్తాలో పోస్తాడు అనుకుంటూ ఆవిడ గొడుగు మడిచి మెట్లెక్కింది.

రామచంద్రపురం వెంకటరమణమ్మ పేరు చెబితే ఇన్సూరెన్సు కంపెనీల్లో తెలియనివాళ్లు ఉండరు. బతికున్నవాళ్లని చచ్చిపోయారని చూపించినవాళ్లనీ, చంపేసి కాలుజారి పడ్డారని ఏడ్చినవాళ్లనీ పాతికేళ్లపాటు పట్టి ఇచ్చిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూడటం చేతకాక సొంతంగా డిటెక్టివ్ పని మొదలెట్టింది. నేతచీర, మోకాళ్ల నొప్పులు, తాళం లేని నోరు, ఇవీ ఆవిడ సరంజామా.

మొన్న సోమవారం మధ్యాహ్నం ఈ మేడ మీదే సాయిదుర్గ అనే అమ్మాయికి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పింది. మంచం పక్కన నీలగిరి తైలం సీసా ఖాళీగా దొరికింది. దిగులు జబ్బు మనిషి, తైలం తాగేసింది, ఆత్మహత్యాయత్నం. సీఐ కొండలరావు టీ చల్లారేలోపు తేల్చి పారేశాడు. ఆయుష్షు గట్టిది కాబట్టి ఆ పిల్ల అమలాపురం ఆస్పత్రిలో తేరుకుంది. తేరుకుని, ఈరోజు పొద్దున్నే నర్సు ఫోన్లోంచి రమణమ్మని పిలిపించుకుంది.

"నేను తాగలేదండీ," అంది ఆస్పత్రి మంచం మీంచి పీలగొంతుతో. "మంచమ్మీద పడుకున్నంత వరకే గుర్తుంది. తాగలేదని మాత్రం తెలుసు. పిచ్చిదాన్నని నా మాట ఎవరూ వినట్లేదు. సాయంత్రం అయిదింటికి మా పెద్దోళ్లు కూర్చుంటారంటండీ. పాపని నా దగ్గర ఉంచకూడదని తేలుస్తారంట. కువైట్ నించి మా ఆయన కూడా సరే అనేసేరు. వచ్చే నెల నేనూ పాపా ఆయన దగ్గరికి వెళ్లాలండీ, వీసాలు కూడా వచ్చేసేయి. మూడేళ్ల పిల్లండీ నాది."

"చదువుకున్నదానివి. ఈ నూనెల పిచ్చేమిటమ్మా నీకు?"

"రాజమండ్రి డాక్టరుగారి మాత్రలు మానలేదండీ. ఆదిత్యగారికి చెబితే చిన్నబుచ్చుకుంటారని దాచేను. అక్కడికెందుకెళ్తానంటే... ఆ గంటసేపు తలుపేసి ఉంటుందండీ. ఎవరూ ఏమీ అడగరు."

ఆ క్షణాన్నే వార్డులో ఆయా ఫినాయిల్ డబ్బా తన్నేసింది. అందరూ కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. రమణమ్మ దగ్గుకుంటూ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. సాయిదుర్గ మాత్రం కళ్లయినా ఆర్పకుండా అలాగే పడుకుంది. దిగులు మనిషిని ఎంత మొద్దుబార్చేసిందో అని రమణమ్మ మనసు చివుక్కుమంది. మంచం కాళ్ల దగ్గర పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బేబి కళ్లొత్తుకుంది. బేబి ఆ అమ్మాయి మొగుడికి అక్క, పిల్లాపీచూ లేని మనిషి, తమ్ముడి ఇంట్లోనే ఉంటూ పాపని పురిటినాటి నుంచీ పెంచుతోంది.

"పాచిపోయిన పాలైనా తాగేస్తుందండీ మా మరదలు," అంది బేబి. "ఏం పెట్టినా నేనే వాసన చూసి పెట్టాలి. నేను లేకపోతే ఏమైపోయేదో."

ఆ మాటలన్నీ చెవిలో పెట్టుకునే రమణమ్మ ఈ మేడ ఉన్న కొత్తపేటకి బస్సెక్కింది. పైకొచ్చేసరికి నాలుగు కొట్టడానికి ఇంకా చాలా వ్యవధే ఉంది. గది తలుపు తీసి ఉంది. లోపల కొండలరావు ఆ ఆచార్యులవారి మెత్తటి కుర్చీలో కాళ్లు బారజాపి కూర్చున్నాడు.

"రండి రండి అక్కగారూ! ఇన్సూరెన్సు వారు ఇటు దయచేసేరేంటి? పాలసీ ఏదన్నా ఉందేంటండీ?"

"ఉంది తమ్ముడూ. నీ బుర్రకి థర్డ్ పార్టీ పాలసీ చేయించారా లేదా అని కనుక్కోమన్నారు," అంది రమణమ్మ. "ఇదేమిటి, ఇంత చలి? పుష్యమాసంలో ఏసీ ఏమిటి?"

గుమ్మం దగ్గర కాపలా కానిస్టేబులు బుర్ర గోక్కున్నాడు. సీలు వేసిన గదికి రెండు రోజులుగా అతనే కాపలా. "ఉక్కగా ఉందండీ... అంటే, సోమవారం నించీ అది ఆపలేదండీ. కొంచెం నడుం వాల్చడానికి..."

"కరెంటు మధ్యలో పోయిందా?"

"లేదండీ. పోతే మెలకువ వచ్చేసేది కదండీ."

కొండలరావు పళ్లు నూరాడు. రమణమ్మకి మాత్రం ఆ కానిస్టేబులు నెత్తిన పాలు పోయాలనిపించింది. పోలీసు తెలివితేటలు పాడుచేసే సాక్ష్యాన్ని ఒక్కోసారి పోలీసు బద్ధకం కాపాడుతుంది.

గదిలో ఒక మంచం, దాని పక్కన బల్ల. బల్ల మీద ఇత్తడి గిన్నె నిండా కొబ్బరినూనె. అందులో లావెండరు కలిపాడట మహానుభావుడు. ఏసీ చలికి నూనె తెల్లగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. దాని మీద చామంతి రేకులు పూలచక్రంలా గుండ్రంగా పేర్చి ఉన్నాయి. రమణమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ గిన్నెలోకి వంగి, అలా చాలాసేపు ఉండిపోయింది.

"ఆచార్యా, ఇలా రా."

మూల నిలబడ్డ ఆదిత్య ముందుకొచ్చాడు. తెల్ల లాల్చీ, మెడలో రుద్రాక్షలు. రెండేళ్ల క్రితం దాకా హైదరాబాదులో నీళ్ల ఫిల్టర్లు అమ్మేవాడు. తర్వాత ఫోన్లో తొమ్మిది రోజుల కోర్సు చేసి ఆచార్యుడైపోయాడు.

"సోమవారం ఏం జరిగిందో మళ్లీ చెప్పు."

"మేడమ్, సువాసన అనేది ఆత్మతో నేరుగా సంభాషిస్తుంది..."

"ఆత్మ సంగతి తర్వాత. నువ్వేం చేశావో చెప్పు."

"మూడింటికి సెషన్ ఆరంభించాను. ఈ గిన్నెలోని తైలంతో అరగంట శిరో మర్దన చేశాను. తర్వాత ఫోన్ వస్తే బయటికి వెళ్లాను. పావుగంటలో వచ్చేసరికి ఆవిడ కొట్టుకుంటున్నారు. కింద నీలగిరి సీసా."

"ఈ గిన్నెతోనే?"

"ఇదే, మేడమ్."

"ఏ చేత్తో తీశావు నూనె?"

"కుడి చేత్తో."

"దేవుడు నీకు గాలితో చేసిన చెయ్యి ఇచ్చాడన్నమాట," అంది రమణమ్మ. "నువ్వు పుట్టింది కోనసీమలోనే కదురా? కొబ్బరినూనె చలికి పేరుకుంటుందని తెలుసా, కోర్సులో చెప్పలేదా? చూడు. గిన్నె అంచుదాకా నిండుగా ఉంది. రేకులు పేర్చినవి పేర్చినట్టే నూనెలో బిగిసిపోయాయి. అరగంటసేపు ఇందులోంచి నూనె తీస్తే ఒక్క రేకైనా కదలదా? నూనె వెంట్రుకవాసి అయినా తగ్గదా? ఈ నూనెలో ఎవరూ వేలు పెట్టలేదు. నువ్వు ఆ పిల్ల తల ముట్టుకోలేదు. అసలు గదిలోనే లేవు."

ఆచార్యుడి భాష ఆవిరైపోయి, అసలు గోదావరి గొంతు బయటపడింది. "ఆయ్... అబద్ధం ఆడేనండీ. పక్క గదిలో ఉన్నానండీ. లైవ్ పెట్టేనండీ ఫోన్లో. మూడింటి నించి ఆవిడ అరుపు వినబడేదాకా లైవే అండీ. చాలామంది చూసేరు."

"దేని మీద లైవు?"

వాడు తల దించుకున్నాడు. "దిగులుగా ఉన్నవాళ్లని ఒంటరిగా వదలకూడదు... అనండీ."

రమణమ్మకి నవ్వాలో, గొడుగుతో నాలుగు తగిలించాలో తెలియలేదు. "మరి ఆ పిల్ల దగ్గర ఎవరున్నారు?"

"వాళ్ల వదినగారు బయట సోఫాలో ఉన్నారు కదండీ. ఎప్పుడూ ఆవిడే తీసుకొస్తారు. నేను చూసుకుంటాను, కషాయం పట్టించాలి, మీరెళ్లి మీ పని చూసుకోండి అన్నారండీ."

కొండలరావు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఇంతసేపూ ఆత్మహత్య అన్న నోటితోనే, "నాకప్పుడే అనుమానం వచ్చిందండీ! పోలీసుకే అబద్ధం చెప్తావురా? వీడే పట్టించేడు! తన మందు పనిచెయ్యట్లేదని బయటపడుతుందని పట్టించేసేడు! పట్టుకెళ్లండి వీణ్ణి!" అని కానిస్టేబుల్ని పురమాయించాడు.

"ఆగు తమ్ముడూ. లైవులో కూర్చుని పక్క గదిలో మనిషికి తైలం పట్టించేవాడికి నాలుగు చేతులుండాలి. వీడికున్న రెండూ దేనికీ పనికిరావు. ఏదీ, ఆ సీసా ఇటివ్వు."

కొండలరావు మొహం మాడ్చుకుని ప్లాస్టిక్ సంచిలోని సీసా బల్ల మీద పెట్టాడు. సంచి తీయకుండానే రమణమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. సీసా మూతికి లోపల బిళ్ల ఒకటి బిగించి ఉంది. దానికి సూది బెజ్జమంత చిల్లు. అలమారాలోంచి నిండు నీలగిరి సీసా ఒకటి తీయించి, మూత విప్పి, కొండలరావు అరచేతిలో బోర్లించింది. ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకో చుక్క పడింది.

"ఇది తాగడం కాదు, తపస్సు," అంది. "ఫిట్స్ వచ్చేంత తైలం దీంట్లోంచి నోట్లోకి దిగాలంటే ఆ పిల్ల ఈ సీసాని పాలసీసాలా బోర్లించుకుని మధ్యాహ్నమంతా కూర్చోవాలి. సీసా మూతికున్న బిళ్ల చూడలేదా నువ్వు?"

"సీసా ఖాళీగా ఉందండీ. ఖాళీగా ఉందంటే తాగినట్టే కదండీ," అన్నాడు కొండలరావు, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ.

"ఆచార్యా, నీ నీలగిరి సీసాల్లో ఏదన్నా తగ్గిందా?"

"లేదండీ. నిండు సీసాలన్నీ అలాగే ఉన్నాయండీ."

"మరి ఈ ఖాళీ సీసా ఎక్కడిది?"

ఆదిత్య కిటికీ కింద ఉన్న వెదురు పళ్లెం చూపించాడు. దాన్నిండా ఖాళీ సీసాలే. "అయిపోయినవి అందులో పెడతానండీ. పారెయ్యను."

రమణమ్మ పళ్లెం మీదకి వంగింది. సీసాల మీద సన్నటి దుమ్ము. ఒకచోట మాత్రం దుమ్ము లేని గుండ్రటి మచ్చ. సంచిలోని సీసా అడుగు సరిగ్గా ఆ మచ్చంతే ఉంది.

"చూశావా తమ్ముడూ? ఎప్పుడో అయిపోయిన సీసాని ఇక్కడినుంచి తీసి మంచం పక్కన పడేశారు. తైలం మాత్రం బయటనుంచి వచ్చింది. మన వైపు నీలగిరి తైలం లేని ఇల్లుందా? కానీ ఓ మాట చెప్పు ఆచార్యా. ఖాళీ సీసాలు దాచుకోవడం ఏమిటి, పాతసామాన్లవాడు రాడా మీ వీధికి?"

ఇంతసేపట్లో తనకి తెలిసిన విషయం మీద ప్రశ్న రావడంతో ఆదిత్యకి మళ్లీ ప్రాణం లేచి వచ్చింది. భాష కూడా తిరిగొచ్చింది. "ఖాళీ సీసాలో పరిమళ స్మృతి నిలిచి ఉంటుంది మేడమ్. దాన్ని అందరూ గ్రహించలేరు. సాయిదుర్గగారి వంటి సూక్ష్మమైన నాసిక నేనింతవరకు చూడలేదు. ప్రతి సెషన్‌కీ కొన్ని సీసాలు వరసగా పెట్టి, మీ ఆత్మ కోరుకున్నది ఎంచుకోండి అంటాను. తడుముకోకుండా ఎంచుకుంటారు. ఒకసారి గంధం, ఒకసారి నిమ్మగడ్డి, ఒకసారి వట్టివేరు..."

"ఏ పక్కనుంచి ఎంచుకునేది?"

"ఎప్పుడూ కుడిచేతి పక్కన చివరిదే మేడమ్. అది కూడా ఒక శక్తే. పోయిన వారం పొరపాట్న అక్కడ కడిగి ఆరబెట్టిన సీసా పెట్టాను. దాన్నే ముక్కు దగ్గర పెట్టుకుని, చాలా బాగుందండీ, మనసు తేలికపడింది అన్నారు! కడిగిన సీసాలోంచి పరిమళం పీల్చగలిగారంటే..."

రమణమ్మ ఆ మాటల్ని మనసులో లెక్కేసుకుంది. పక్కన ఏదుంటే అది తీసుకోవడం, బాగుందండీ అనడం. మొహమాటానికి పుట్టిన పిల్ల. పొద్దున ఫినాయిల్ ఒలికినప్పుడు ముక్కు మూసుకోనిది దిగులువల్ల కాదు.

"ఓరి దౌర్భాగ్యుడా," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఆ పిల్లకి వాసన తెలియదురా."

"తెలీకపోవడం ఏంటండీ?" అన్నాడు ఆదిత్య.

"కరోనా వచ్చినవాళ్లలో కొందరికి పోయిన వాసన మళ్లీ రాలేదని వినలేదూ? ఇంకే జబ్బువల్ల పోయిందో డాక్టర్లు చెబుతారు. ముక్కే పనిచెయ్యని మనిషికి నెలల తరబడి వాసన వైద్యం చేశావు. నీకు వాసన తెలుస్తోందా తల్లీ అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగావా?"

ఆదిత్య తల అడ్డంగా ఊపాడు. నిజానికి ఇప్పుడు వాణ్ణి జైలుకి పోకుండా కాపాడేది ఆ అజ్ఞానమే. రమణమ్మకి అదే మహా కష్టంగా ఉంది.

"విను కొండలరావూ. నీలగిరి తైలం గ్లాసులో పోసిస్తే మామూలు మనిషి మూతి దగ్గరికైనా రానివ్వడు. ఘాటైన మిరియాల కషాయంలో కలిపితే మంట అంతా మిరియాల లెక్కలో పోతుంది, కానీ వాసన ఎక్కడికి పోతుంది? అంటే కలిపినవాళ్లకి ఈ పిల్లకి వాసన తెలియదని ముందే తెలిసుండాలి. వీడికి తెలియదు. తెలిస్తే ఖాళీ సీసా గొప్ప మనకి చెప్పుకుంటాడా? ఇంకో సంగతి. పక్కవాళ్ల ముక్కుకి కూడా అనుమానం రాకూడదు. ఈ జిల్లా మొత్తం మీద గ్లాసులోంచి నీలగిరి వాసనొచ్చినా ఎవరూ పట్టించుకోని గది ఇదొక్కటే."

"అయితే... ఎవరండీ?"

"ఏం పెట్టినా నేనే వాసన చూసి పెట్టాలి అని ఆ వదిన బేబి పొద్దున నా మొహం మీదే చెప్పింది," అంది రమణమ్మ. తన మీద తనకే అసహ్యం వేసింది. పాతికేళ్ల అనుభవం ఆ కన్నీళ్ల ముందు ఎటు పోయిందో. "నేను అది ప్రేమ అనుకున్నాను. తల్లీబిడ్డా కువైట్ వెళ్లిపోతే ఈవిడ చేతుల్లోంచి పిల్ల పోతుంది. తల్లి పిచ్చిదని తేలితే పిల్ల ఇక్కడే ఉంటుంది. తల్లి పోతే మరీ మంచిది. అయిదింటికి పెద్దలు కూర్చునేలోపు..."

మాట సగంలో ఆపి, నర్సు సౌజన్యకి ఫోన్ కలిపి స్పీకరు నొక్కింది.

"సౌజన్యా, సాయిదుర్గ దగ్గర ఎవరున్నారమ్మా?"

"వాళ్ల వదినగారండీ. పాపకి జలుబని ఆవిరి పడుతున్నారు. వేణ్ణీళ్లలో నీలగిరి వేసేరు కదండీ, వార్డంతా ఒకటే ఘాటు."

కొండలరావు కళ్లు పెద్దవయ్యాయి. ముందు గదినిండా వాసన నింపడం. తర్వాత గ్లాసు. అదే పద్ధతి.

"ఇంకేం చేస్తోంది?" అంది రమణమ్మ.

"ఫ్లాస్కులోంచి కషాయం పోసి ఆవిడకి ఇస్తున్నారండీ. ఎంత ప్రేమండీ ఆవిడకి..."

"పరిగెత్తు! ఆ గ్లాసు లాగెయ్! ఫోను పెట్టెయ్యకు, పరిగెత్తు!"

చెప్పుల చప్పుడు. ఎవరిదో మంచం తగిలిన చప్పుడు. దూరంగా సాయిదుర్గ గొంతు, నీరసంగా, ముద్దుగా వినిపించింది. "ఉండు వదినా, ముందు దీనికి రెండు గుక్కలు పడతాను. ముక్కు దిబ్బడేసి పాపం పొద్దున్నించీ ఒకటే ఏడుపు. నోరు తెరువమ్మా..."

"దానికొద్దు!"

ఫోన్లోంచి వచ్చిన బేబి కేకకి కానిస్టేబులు కూడా ఉలిక్కిపడ్డాడు. "దానికి పట్టకే! దానికి పట్టకు!" వెంటనే స్టీలు గ్లాసు నేలకేసి కొట్టినట్టు ఖంగుమన్న చప్పుడు. పసిపిల్ల గుక్కపట్టిన ఏడుపు.

"సౌజన్యా! ఎవరన్నా తాగారా? సౌజన్యా!"

"లేదండీ..." నర్సు రొప్పుతోంది. "నేను వెళ్లేలోపే గ్లాసు వదినగారే తన్నేసేరండీ. పాపని గట్టిగా పట్టేసుకుని నోరు తుడుస్తున్నారండీ ఆవిడ."

"ఆ ఫ్లాస్కు ఎవరినీ ముట్టుకోనివ్వకు. పాపని విడిపించి తల్లికివ్వు."

కొండలరావు అప్పటికే టోపీ పెట్టుకుని మెట్ల వైపు పరిగెడుతున్నాడు. ఆదిత్య అతని వెనకే గుమ్మం దాకా వెళ్లాడు. వాళ్లనెవరినీ రమణమ్మ చూడలేదు. చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతోంది. వార్డులో గోల సద్దుమణిగింది. పిల్ల ఏడుపు తల్లి గుండెకి దగ్గరైనట్టు మెల్లమెల్లగా తగ్గింది. తర్వాత సాయిదుర్గ గొంతు వినిపించింది. అందులో కోపం లేదు.

"నాకు వాసన తెలీదని మా ఆయనకి కూడా చెప్పలేదు వదినా. నీ ఒక్కదానికే చెప్పేను."